దూదిగదిలో చుక్క

ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లినా చెల్లకపోయినా ఒక నియమం మాత్రం ముప్పై ఏళ్ళుగా చెల్లుతూ వస్తోంది. దూది ఏకుతున్నంతసేపూ కిటికీ తెరవకూడదు, ఫ్యాను వెయ్యకూడదు, గట్టిగా తుమ్మకూడదు. మూడోది అత్త సరదాకి చేర్చిందో నిజంగానే చేర్చిందో, కాపురానికొచ్చి పదకొండేళ్ళయినా కోడలికి తేలలేదు.

కింద ముందుభాగం పరుపుల దుకాణం. దాని వెనక, పక్క వీధిని ఆనుకుని దూదిగది. పైన మూడు గదుల కాపురం. ఏకే యంత్రం పొద్దున తొమ్మిదింటికి మొదలై ఒంటిగంటకి ఆగుతుంది. గాల్లో లేచిన నూగంతా కిందికి దిగడానికి మరో గంట పడుతుంది. ఆ గంటలో అందరూ భోంచేస్తారు. తర్వాత కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి, నాలుగు మూలలా చేరిన నూగుని ఊడ్చి గోనెలోకి ఎత్తుతుంది. ఆమె భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ పట్టా బీరువా పై అరలో పెళ్ళిచీర మడతల్లో భద్రంగా ఉంది. రెండూ ఒక్కొక్కసారే వాడి దాచినవి.

ఒక చలికాలపు మధ్యాహ్నం ఆమె అలాగే చీపురు పట్టుకుని వెళ్ళేసరికి గదిలో ఊడవడానికి ఏమీ లేదు. మూలలు నాకినట్టు శుభ్రంగా ఉన్నాయి. యంత్రం కింద చెయ్యి పెట్టి చూసింది. అక్కడా లేదు. ఆ ఇంట్లో ఎవరో తనకి సాయం చేసి ఉంటారని అనుకునేంత అమాయకురాలు కాదు కాబట్టి తలెత్తి చూసింది. గది నడిమధ్య, ఆమె గుండె ఎత్తున, నిమ్మకాయంత దూది ఉండ ఒకటి గాల్లో నిలబడి ఉంది.

సాలెగూడు తగులుకుందేమోనని చీపురుపుల్లతో పైనా కిందా గీసి చూసింది. ఏ దారమూ తెగలేదు. ఉండని పుల్లతో మెల్లగా తోస్తే జానెడు దూరం జరిగి, దారి తప్పినట్టు కాసేపు ఆగి, మళ్ళీ తన చోటికే వచ్చింది. కిటికీలు వేసే ఉన్నాయి. గాలి లేదు. ఆమె చూస్తుండగానే పైకప్పు నుంచి ఒక నూగుపోగు జారింది. కిందికి రావలసింది కాస్తా పక్కకి తిరిగి, తొందరేమీ లేకుండా వెళ్ళి, ఆ ఉండకి అతుక్కుంది.

గది ఊడ్చేసినట్టే అనుకుని కోడలు బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతులు కడుక్కుంది.

మొగుడికి చెప్పకుండా ముందు అత్తకి చెప్పింది. అందుకు కారణం ఉంది. అత్త ఆ దుకాణానికి యజమానురాలు, ఆ వీధికి పెద్ద నోరు, పరుపు మూల కుట్టడంలో ఆ చుట్టుపక్కల అంతటి చెయ్యి మరొకటి లేదు. దారాన్ని ఏడు చుట్లు తిప్పి, కొసని లోపలికి దోపి బిగించే ముడి ఒకటి ఆవిడ సొంతం. కొస బయటికి కనపడదు కనుక తెలియనివాళ్ళు విప్పలేరు. వాడికి ఓపిక లేదని కొడుక్కి నేర్పలేదు. కోడలికి నేర్పింది.

ఇద్దరి మధ్యా ఇంకో సంగతి కూడా ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు మొట్టమొదటిసారి టీ పెట్టినప్పుడు పంచదారకి బదులు ఉప్పు వేసింది. అత్త ఒక గుక్క తాగి, ఆగి, ఆమె మొహం వంక చూసి, మారు మాట్లాడకుండా చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టింది. కొడుకు గ్లాసు తనే లాక్కుని, ఈ వేళప్పుడు వాడికి టీ పడదంటూ తూములో పోసింది. ఆ రోజు నుంచీ ఇద్దరే ఉన్నప్పుడు, మూడో చెవి లేదని చూసుకుని మరీ, ఆవిడ కోడల్ని ‘ఉప్పుపిల్లా’ అని పిలుస్తుంది. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు కన్నా కోడలికి ఆ పేరే ఇష్టం. ఆ మాట పుట్టింట్లో చెప్పలేదు.

అత్త వచ్చి, ఉండ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేలితో పొడిచి, వేలు వాసన చూసింది.

“వెచ్చగా ఉందే” అంది. అంతకు మించి ఆశ్చర్యపోలేదు.

మర్నాటికి అది బత్తాయంత అయింది, వారం తిరిగేసరికి గుమ్మడికాయంత. యంత్రం ఆగిన అయిదు నిమిషాలకే గాల్లో నూగంతా వరస కట్టి వెళ్ళి అందులో చేరేది. దాని చుట్టూ మెల్లగా, తిరుగుతోందో లేదో తెలియనంత మెల్లగా, పల్చటి దూదిచక్రం ఒకటి తిరిగేది. మొగుడు మొదటిరోజు గుమ్మంలోంచే చూసి, గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళాడు. ఆ తర్వాత యంత్రం దగ్గర పనంతా దానికి వీపు పెట్టి చేసుకునేవాడు. అత్త మాత్రం తన కుర్చీని దూదిగదిలోకి మార్పించుకుంది. మోకాళ్ళకి ఆ సెగ హాయిగా ఉందంది. మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఉండేది. జపం చేసుకుంటోంది కాబోలు అనుకుంది కోడలు. అత్తకి జపం అలవాటు లేదన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

ఒకరోజు పొద్దున ఇద్దరూ బఠాణీలు వొలుస్తుంటే అత్త అడిగింది, నీ చదువులో దీని గురించి ఏమన్నా చెప్పారా అని. పదకొండేళ్ళలో ఆ చదువు గురించి ఎవరైనా అడగడం అదే మొదలు. కోడలు వొలవడం ఆపి చెప్పింది.

కాలేజీలో ఒక మాస్టారు ఉండేవాడు. ప్రపంచంలో ఏదైనా చెదిరిపోయే వైపుకే నడుస్తుందని, ఆ చెదురుకి ఎంట్రోపీ అని పేరని, మొత్తం మీద అది పెరగడమే గానీ తగ్గడం ఉండదని ఒక వారం చెప్పాడు. టీలో కలిపిన పంచదార మళ్ళీ చెంచాలోకి రాదు కదా, అలాగన్నమాట. ఆ పై వారం ఆయనే, ఎక్కడో ఆకాశంలో పొగకన్నా పల్చటి వాయువు తన బరువుకి తనే దగ్గరికి చేరి, గట్టిపడి, నక్షత్రం అవుతుందన్నాడు. ఈమె లేచి నిలబడి, పోయిన వారం అన్నీ చెదురుతాయన్నారు, ఈ వారం కూడుతున్నాయంటున్నారు, పరీక్షలో ఏది రాయమంటారని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. రెండూ ఒకటేనమ్మా అన్నాడు.

“అదెలా?” అంది అత్త.

ప్రతి రేణువూ ప్రతి రేణువునీ లాగుతుంది, దగ్గరికి పడేకొద్దీ ఒకదాన్నొకటి గుద్దుకుని వేడెక్కుతాయి, అని చెప్పింది కోడలు. ఆ వేడి లోపలే ఉండిపోతే ఎదురుతోసి కూడనివ్వదు. దాన్ని బయటికి విసిరేస్తేనే మబ్బు ఇంకాస్త కుంగుతుంది, కుంగి ఇంకాస్త వేడెక్కుతుంది, అదీ విసిరేస్తుంది. లోపల కుదిరిన పొందిక ఇంతైతే, బయటపడ్డ వేడి చేసే చెదురు అంతకు ఎన్నో రెట్లు. రెండూ కలిపి చూస్తే పెరిగింది చెదురే. బరువున్నచోట కూడుకోవడం కూడా చెదరడంలో ఒక రకం.

అత్త బఠాణీ కాయని గోటితో చీలుస్తూ కాసేపు ఆలోచించింది. అయితే నేను ఇల్లు సర్దినట్టే అంది. ఇల్లు అద్దంలా ఉంటుంది, చెత్త వీధిలో ఉంటుంది. అంతేనంది కోడలు.

“మరి ఇది తన చెత్త ఎక్కడ పోస్తోందే?”

పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.

వేడి ఎటు పోతోందో మాత్రం కనపడుతూనే ఉంది. దూదిగది కిటికీ రెక్కల సందుల్లోంచి సెగ పక్క వీధిలోకి వెళుతోంది. రోజూ తట్టతో వచ్చే కూరలావిడ ఆ గోడకి వీపు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది. ఎదురుగా తాళాలు బాగుచేసుకునే ఆయన తన ముక్కాలిపీటనీ ఆకురాళ్ళనీ ఎత్తుకొచ్చి కిటికీ కిందే దుకాణం పెట్టాడు. చలికాలం కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

అత్త మరపు చిన్న చిన్న వాటితో మొదలైంది. ఒళ్ళో కత్తెర పెట్టుకుని ఇల్లంతా వెతికింది. ఒక దిండుకి రెండుసార్లు దూది నింపింది. అది దిండు కాక రోలై కూర్చుంది. మొగుడు వయసుమీద పడుతోందిలే అన్నాడు. ఇంకోరోజు పరుపు మూల కుడుతూ కుడుతూ మూడో చుట్టు దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఎవరివో అరువు తెచ్చుకున్న చేతులైనట్టు వాటిని ఆవిడ తిప్పి తిప్పి చూసుకుంది. చెయ్యి పట్టేసిందంది. కోడలు మిగతా నాలుగు చుట్లూ తిప్పి ముడి వేసింది.

ఆ సాయంత్రమే కూరలావిడ తోటకూర కొలిచి సంచిలో వేసి, సంచి మూతికి దారం చుట్టింది. ఏడు చుట్లు చుట్టి కొస లోపలికి దోపింది. కోడలు ఆ ముడి వంక చూస్తూ ఎవరు నేర్పారని అడిగింది. ఎవరు నేర్పుతారమ్మా, చెయ్యే తిరిగింది అంటూ ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులకి కోడలు వంటింటి తాళంచెవికి నకలు చేయించుకోవడానికి తాళాలాయన దగ్గరికి వెళ్ళింది. అరవై దాటిన మనిషి, మర్యాదస్తుడు, అమ్మగారూ అనకుండా ఏనాడూ మాట్లాడడు. ఆకురాయితో చెవిని అరగదీస్తూ, తలెత్తకుండానే,

“కూర్చో ఉప్పుపిల్లా, రెండు నిమిషాలు” అన్నాడు.

ఆకురాయి ఆగింది. ఆయన తలెత్తి ఆమె వంక చూసిన చూపులో ఆమె కన్నా ఆయనే ఎక్కువ భయపడి ఉన్నాడు. ఎక్కడ విన్నానో తెలీదు, తప్పుగా అనుకోవద్దు అన్నాడు. చేత్తో మూతి తుడుచుకుని, చిన్న గొంతుతో ఇంకో మాట అన్నాడు. నాలిక మీద ఉప్పగా ఉందమ్మా అని.

ఆమె తాళంచెవి తీసుకుని ఇంట్లోకి వచ్చింది. గోడకి అటు ఆయన, ఇటు అత్త. మధ్యలో కిటికీ రెక్కల సందు. చెత్త ఎక్కడ పోస్తోందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ ఉండ దగ్గర మోకాళ్ళు కాచుకుంటున్న మనిషిలోంచి జ్ఞాపకాలు ఒక్కొక్కటే ఊడ్చి వీధిలో పోస్తోంది.

పరుగున దూదిగదిలోకి వెళ్ళి అత్త ఎదురుగా నిలబడింది. మూడో మనిషి లేరు. ఏమని పిలుస్తుందోనని చూసింది. అత్త ఆమె మొహం వంక చూసి నవ్వి, నోరు తెరిచి, దేనికోసమో లోపల వెతుక్కుంది.

“ఉప్పు...” అని ఆగింది. గదిలో దూదిచక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. “...పిల్లా” అంది.

ఆ ఆగిన కాసేపట్లో కోడలు తన పదకొండేళ్ళు ఎటు ఒరుగుతాయో చూసేసింది. అత్త కుర్చీని పైకి మోసుకుపోయి, ఇక ఆ గదిలో అడుగుపెట్టడానికి వీల్లేదంది. అత్తకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు. అత్త సరేనంది. అదీ మొదలే.

మర్నాడు పొద్దున కమురు వాసన వచ్చింది. దూది మధ్య బతికేవాళ్ళకి ఆ వాసన ముక్కుకి తగిలే లోపే కాళ్ళకి తగులుతుంది. మొగుడు చేస్తున్న పని వదిలేసి దూదిగదిలోకి పరిగెత్తాడు. ఉండ గుమ్మడికాయంతా లేదు, కొబ్బరికాయంతకి దిగింది. దగ్గరికెళితే మొహం కాలుతోంది. అతను దూది మనిషి. తాత, తండ్రి నేర్పినది ఒకటే, వేడి కనపడితే చల్లార్చు. ముప్పై ఏళ్ళ నియమం ఒక్క ఊపున పక్కన పెట్టి కిటికీలన్నీ బార్లా తెరిచాడు. రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చి దానిమీదికి తిప్పాడు. చలిగాలి రివ్వున గదిలోకి వచ్చింది.

గంటలో కొబ్బరికాయ నిమ్మకాయ అయింది. ఫ్యాను గాలికి అది చెదరలేదు, ఎర్రబడింది. ముందు తుప్పు రంగు, తర్వాత కాల్చిన ఇనుము రంగు. కిటికీలోంచి సెగ వీధి మీదికి దూకింది. వీధిలో నడుస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు తల గోక్కుని ముందుకు సాగుతున్నారు.

అప్పుడు పైనుంచి మెట్టు మెట్టూ పట్టుకుని అత్త దిగి వచ్చింది. పరుపుల దొంతరల్ని, గోడనున్న కత్తెరల్ని, కొడుకుని వరసగా చూసింది.

“ఎవరి దుకాణం బాబూ ఇది?” అంది.

మొగుడు ఉన్నచోటే పరుపుల మీద కూలబడ్డాడు. పదిమార్కుల ప్రశ్న ఒకటి కోడలికి పుట పక్కనున్న సిరామరకతో సహా గుర్తొచ్చింది. తన బరువుకి తాను కూడుకున్న వస్తువు వేడిని పోగొట్టుకునేకొద్దీ ఇంకా వేడెక్కును, వేడిని ఇచ్చినచో ఉబ్బి చల్లబడును. బట్టీపట్టి రాసింది. తొమ్మిది వచ్చాయి. ఆ పోయిన ఒక్క మార్కూ ఇప్పుడు కళ్ళముందు ఎర్రగా వేలాడుతోంది.

ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి, ఉన్న బొంతలన్నీ తెమ్మంది మొగుణ్ణి.

“నిప్పుకి బొంత కప్పమంటావా?”

“నిప్పయితే ఈపాటికి మనం పరుపులతో సహా మసయ్యేవాళ్ళం. చల్లారిస్తేనే అది మండుతోందండీ. వేడి పెడదాం. నా చదువు దేనికి పనికొస్తుందని పెళ్ళిచూపుల్లో అడిగారుగా, దీనికి.”

అతనికి వేరే దారి తోచలేదు కాబట్టి నమ్మాడు. ఇరవైమూడు బొంతలు తెచ్చారు. కిటికీల మీద, తలుపు మీద, గోడల మీద రెండేసి వరసలు వేలాడదీశారు. జారిపోకుండా కోడలు ప్రతి మూలనీ కిటికీ ఊచలకీ గోడ మేకులకీ ఏడు చుట్ల ముడితో బిగించింది. తర్వాత ఇంట్లో ఉన్న గిన్నెలన్నింటిలోనూ నీళ్ళు మరగబెట్టి, మోసుకొచ్చి ఉండ చుట్టూ దింపారు. మొదటి అరగంట ఏమీ కాలేదు. మొగుడు నోరు విప్పబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఆ తర్వాత ఎరుపు వెలిసింది. నిమ్మకాయ వదులై, బత్తాయి అయి, కొబ్బరికాయ అయింది. గదంతా ఆవిరి, చెమట. ఉండ మాత్రం చల్లబడుతోంది. చెయ్యి దగ్గర పెడితే తెలుస్తోంది.

ఇలా ఇంకో నాలుగు గంటలు సాగితే ఉత్త నూగై రాలిపోతుందని ఆమె అంచనా. మొగుడు అమ్మకోసం డాక్టర్ని తీసుకురావడానికి వెళ్ళాడు.

కోడలు వంటింట్లో ఇంకో గిన్నె దింపి వచ్చేసరికి అత్త దూదిగదిలో ఉంది. కిటికీ దగ్గర నిలబడి బొంత మూలనున్న ముడిని గోళ్ళతో పీకుతోంది. రావడం లేదు. చప్పుడికి తిరిగి చూసి, ఎవరో గట్టి చేతివాళ్ళే కట్టారంది. మీరు నేర్పిన ముడే అత్తయ్యా అంది కోడలు. అత్త ముడి వంక ఇంకోసారి చూసి, బాగానే నేర్పాను అంది.

కోడలు గిన్నె కింద పెట్టి ఆవిడ చేతులు పట్టుకుని ఇవతలికి లాగింది. ఏం జరుగుతోందో, ఎందుకీ బొంతలో అంతా చెప్పింది. పోయినవి తిరిగి రావని, ఉన్నవైనా నిలుస్తాయని చెప్పింది. రోజూ నాలుగు గిన్నెలు మరగబెడతానంది. గది చల్లారకుండా చూసుకుంటే చాలు.

“ఎన్నాళ్ళు?” అంది అత్త.

“ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు.”

అత్త ఏకిన దూది గుట్ట మీద కూర్చుంది. ఇప్పుడు ఆవిడ కళ్ళు తేటగా ఉన్నాయి. ఇది దీంతో మొదలు కాలేదంది. పోయిన ఏడాది నుంచే జ్ఞాపకాలు రాలుతున్నాయట. ఎవరికీ చెప్పలేదు. ఉన్నవి పోకుండా చూసుకుందామని, మీరిద్దరూ భోజనానికి వెళ్ళాక ఈ గదిలో నిలబడి ఒక్కొక్కటే పైకి చెప్పుకునేదాన్నంది. పుట్టిన ఊరు, తమ్ముడి గొంతు, ముడి చుట్లు, ఉప్పు టీ. ఎప్పుడూ ఒక్కచోటే, అదిగో ఇప్పుడు ఉండ ఉన్నచోటే నిలబడి. మబ్బు ఎంత పెద్దదైనా ఎక్కడో ఒకచోట కాస్త చిక్కదనం ఉంటేనే కూడటం మొదలవుతుందని మాస్టారు చెప్పిన మాట కోడలికి గుర్తొచ్చింది. ఆ మాట పైకి అనలేదు.

“ఎలాగూ పోయేవే. దిండు చిరిగాక దూది ఆగుతుందా” అంది అత్త. “ఊరికే పోయేవి కాస్తా ఇదిగో, ఒక దీపం అవుతామంటున్నాయి. నువ్వేమో నన్ను సగం దూదితో కుట్టి బీరువాలో పెడతానంటున్నావు.”

“మీరు నన్ను మర్చిపోతారు.”

“పోతాను” అంది అత్త. “అందుకే నీ పేరుని అన్నిటికన్నా అడుగున పెట్టుకు కూర్చున్నా. ఇన్నాళ్ళూ ఆగింది అదే. ముడి విప్పు ఉప్పుపిల్లా.”

ఈసారి మధ్యలో ఆగలేదు.

గిన్నెల్లో నీళ్ళకి పొగ తగ్గింది. విప్పనని అనడానికి కోడలికి కారణం ఒకటే ఉంది, అది పూర్తిగా తన కోసమే. విప్పడానికి రెండున్నాయి. ఒకటి అత్త అడగడం. రెండోది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. తన జన్మలో ఒక్కసారైనా ఒక చుక్క పుట్టి వెలగడం చూడాలని ఆమెకి క్లాసులో లేచి నిలబడ్డ రోజు నుంచీ ఉంది.

కొస ఎక్కడ దాగుందో ఆమెకి తెలుసు. మొదటి ముడి విప్పింది, తర్వాత రెండోది. బొంతలు ఒక్కొక్కటే బరువుగా కిందికి జారాయి. కిటికీ గడియ తీసింది.

వేడి వీధిలోకి పోవడం చప్పుడు లేకుండానే జరిగింది. ఉండ కొబ్బరికాయ నుంచి నిమ్మకాయ, నిమ్మకాయ నుంచి రేగుపండు అయింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది. వీధిలో కూరలావిడ ఎవరికీ తెలియని ఊరి పేరు ఒకటి పలికింది. ఎవరో మగమనిషి ఎవర్నో అక్కా అని పిలిచాడు. అత్త ఆ పిలుపుకి తల తిప్పింది గానీ ఎందుకు తిప్పిందో తెలియనట్టు మళ్ళీ ఇటు చూసింది. రేగుపండు ఆవగింజ అయింది. దూదిచక్రం గిర్రున తిరిగి ఒక్కసారిగా లోపలికి ఇంకిపోయింది. గదిలో గాలి ఆగింది. అప్పుడు ఆవగింజ తెల్లగా వెలిగింది. ఇక కుంగలేదు. లోపలికి లాగేదీ బయటికి తోసేదీ సరితూగినట్టు కదలకుండా, మినుకుమనకుండా, గది నడిమధ్య నిలబడిపోయింది. గోడల మీద నీడలు కత్తితో కోసినట్టు పడ్డాయి.

“భలే ఉందండీ” అంది అత్త. మొహం నిండా వెలుగు పెట్టుకుని కోడలి వైపు తిరిగి, కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగింది. “మీరు ఇక్కడే పనిచేస్తారా అమ్మా?”

మొగుడు డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరు అత్త కళ్ళలోకి టార్చి వేసి, వయసు అన్నాడు. వెళుతూ వెళుతూ దూదిగది తలుపు సందు వంక చూసి, బల్బు బాగుంది, ఏ కంపెనీ అని అడిగాడు. మొగుడు కింద పడి ఉన్న బొంతల్ని, తాళ్ళని చూశాడు. ముడులు వదులయ్యాయంది కోడలు. ఆ ముడులు వదులవవని అతనికి తెలుసు. అతను ఒక బొంత తీసి మడతపెట్టి, ఇంకొకటి తీసి మడతపెట్టి, ఇరవైమూడూ అయ్యేదాకా ఆమె వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున కోడలు టీ పెట్టింది. డబ్బాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఈసారి పొరపాటున కాదు, చూసి మరీ ఉప్పు డబ్బాలో చెంచా ముంచింది. గ్లాసు తీసుకెళ్ళి దుకాణం గుమ్మంలో ఎండలో కూర్చున్న అత్తకి ఇచ్చింది.

అత్త ఒక గుక్క తాగి ఆగింది. తలెత్తి, తనకి పరిచయం లేని ఆ ఆడమనిషి మొహం వంక చూసింది. ఆ మొహంలో ఏం కనపడిందో గానీ, మారు మాట్లాడకుండా మిగతాదంతా చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టింది.

“బాగుందండీ” అంది.

కోడలు గ్లాసు తీసుకుని లోపలికి తిరిగింది. పక్క వీధి మలుపులో, కిటికీ కింద, తాళాలాయన ఆకురాయి చప్పుడు ఆగింది.

“ఉప్పుపిల్లా, ఇంకో గ్లాసు పొయ్యి” అని వినపడింది. గొంతు ఆయనదే. మాట విరుపు ఆయనది కాదు.

“తెస్తున్నా అత్తయ్యా” అంది కోడలు, ఆలోచించుకునే లోపే.

లోపలికి వెళ్ళి గ్లాసు నింపింది. పొగలు కక్కుతున్న ఆ గ్లాసు పట్టుకుని మళ్ళీ గుమ్మం దాకా వచ్చి, ఎండలో కూర్చున్న ఆవిణ్ణి ఒకసారి, కిటికీ కింద కూర్చున్న ఆయన్ని ఒకసారి చూసింది. గ్లాసు ఎవరి చేతికివ్వాలో తోచక అక్కడే నిలబడింది. టీ చల్లారుతోంది.